జులైలో నాటిన మొక్క మే నెల దాటాలంటే

పర్యావరణం: మీ ప్రశ్నలు, మా జవాబులు

బడిని పర్యావరణానికి మేలు చేసేలా మార్చుకోవడానికి పిల్లలు ఏం చేయగలరో అడగండి అంటే ఈసారి ఉత్తరాలు కట్టలకొద్దీ వచ్చాయి. చాలావరకు పిల్లలు రాసినవే. కొన్నింటిలో సొంత బడి మీదే ఫిర్యాదులు ఉన్నాయి కాబట్టి ఎవరి పేరూ, ఏ బడి పేరూ వేయడం లేదు. నిర్భయంగా రాయండి.

మేడమ్, మా బడిలో ఏటా మొక్కలు నాటుతాం, ఫొటోలు దిగుతాం. పోయినేడు నాటినవి సెలవుల తర్వాత వచ్చి చూస్తే ఎండుపుల్లలు మిగిలాయి. ఇప్పుడు మళ్లీ గుంతలు తవ్వమంటున్నారు. మా క్లాసులో ఎవరికీ మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, నల్లగొండ జిల్లా

మనసు రాకపోవడంలో మీ తప్పేమీ లేదు తల్లీ. నాటింది చచ్చిపోతే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ అవి ఎందుకు చచ్చిపోయాయో ఒక్కసారి కూర్చుని ఆలోచించండి, ఎందుకంటే మన దగ్గర బడుల క్యాలెండరూ మొక్కల క్యాలెండరూ ఒకదానికొకటి అస్సలు పొసగవు. ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన బడులు తెరిచేది 12న. తెరవగానే హడావుడిగా నాటించేస్తారు, అప్పటికి మీ జిల్లాలో వానలు సరిగ్గా పడి ఉండవు. 1950లో కె.ఎం.మున్షీ కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు వనమహోత్సవం మొదలుపెట్టి జులై మొదటి వారాన్ని ఎంచుకున్నది ఊరికే కాదు, నేల తడిసి ఉంటుందనే. కాబట్టి మీ హెచ్ఎం గారిని అడిగి నాటడం జులైకి జరపండి, రెండు మంచి వానలు పడ్డాక.

అసలు గండం ఏప్రిల్ ఆఖరు నుంచి. బడి మూసేశాక దాదాపు ఏడు వారాలు, అదీ నల్లగొండ ఎండల్లో, నీళ్లు పోసే దిక్కుండదు. అందుకే నాటే ముందే ఒక లెక్క వేసుకోండి: సెలవుల్లో బడికి నడిచి రాగలిగేంత దగ్గరలో ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరు ఎన్ని మొక్కలు చూసుకోగలరు? ఆ లెక్కకు ఇరవై వస్తే ఇరవై నాటండి. పైనుంచి వంద నాటమన్నారంటే మిగతా మొక్కలు ఇళ్లకు తీసుకెళ్లి నాటుకుంటామని అడగండి, ఇంటి దగ్గర బిందెడు నీళ్లు పోసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

గుంత అడుగున్నర లోతు, అంతే వెడల్పు ఉండాలి. మొక్క మొదట్లో ఎండాకులు నాలుగు వేళ్ల మందాన పరిస్తే తడి త్వరగా ఆరదు. వేసవికి ఒక మంచి పాత పద్ధతి ఉంది. రంగు వేయని మట్టికుండను మొక్కకు జానెడు దూరంలో మెడదాకా పాతిపెట్టి, నీళ్లు నింపి మూత పెట్టాలి. కుండ గోడల్లోంచి నీరు మెల్లగా ఊరుతూ నేరుగా వేళ్లకు అందుతుంది, పైన పోసిన నీళ్లలా ఎండకు ఆవిరైపోదు. రోజూ రాకపోయినా నాలుగైదు రోజులకోసారి వచ్చి నింపితే సరిపోతుంది. మీ గ్రామ పంచాయతీకి ట్రాక్టరు, ట్యాంకరు ఉంటాయి కదా, రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోయడానికి అవి తిరుగుతూనే ఉంటాయి. బడి కూడా ఆ దారిలో చేర్చమని సర్పంచ్ గారికి ఏప్రిల్‌లోనే పిల్లలంతా సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. మేకల బాధ ఉంటే చుట్టూ తుమ్మకంప వేయండి, కొనే ట్రీగార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోపు మేక తినేసి పోతుంది.

రకాలు ఏవంటే వేప, కానుగ, నేరేడు, చింత, ఉసిరి. ఇవి మన నేలకు అలవాటైనవి. రావి, మర్రి గోడలకు దూరంగా వేయాలి. త్వరగా పచ్చగా కనబడుతుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్క మాత్రం వద్దు.

ఇంకొక్క మాట. ప్రతి మొక్కకూ నంబరు రాసి ఒక రిజిస్టరు పెట్టండి. రకం, నాటిన తేదీ, నెలకోసారి ఎత్తు, బతికుందా లేదా. వచ్చే జూన్‌లో మళ్లీ గుంతలు తవ్వమన్నప్పుడు ఆ రిజిస్టరు తెరిచి, నిరుటివి ఇన్ని బతికాయి, ముందు వీటిని చూసుకుంటామని మీరు గట్టిగా చెప్పొచ్చు. పిల్లల మాటను పెద్దలు కొట్టిపారేస్తారేమో గానీ తేదీలు వేసి రాసిన రిజిస్టరును కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

మధ్యాహ్న భోజనం అయ్యాక మా బడి కుళాయి దగ్గర రోజూ అన్నం గుట్ట పడుతుంది మేడమ్. సైన్సు సార్ చెబితే కంపోస్టు గుంత తవ్వాం. వారానికే కంపు కొట్టి, ఈగలు ముసిరి, హెచ్ఎం గారు పూడ్చేయమన్నారు. మేం ఏం తప్పు చేశాం?
— ఎనిమిదో తరగతి విద్యార్థి, పశ్చిమ గోదావరి జిల్లా

రెండు విషయాలు కలిసిపోయాయి నాయనా, విడదీసి చూద్దాం.

మొదటిది, ఆ అన్నం కుళాయి దాకా ఎందుకు వస్తోంది? ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లవాడికి రోజుకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150 గ్రాముల బియ్యం లెక్క. 150 గ్రాముల బియ్యం ఉడికితే దాదాపు 400 గ్రాముల అన్నం అవుతుంది. ఆరో తరగతిలో సన్నగా ఉండే పిల్లకూ, ఎనిమిదో తరగతిలో ఆటలాడి వచ్చిన పిల్లాడికీ ఒకే గరిటెతో ఒకేసారి వడ్డిస్తే ఒకరికి ఎక్కువవుతుంది, ఇంకొకరికి చాలదు. ముందు కొంచెం పెట్టించుకుని, కావాలంటే మళ్లీ అడిగేలా రెండో వడ్డన పెట్టమని మీ సార్‌తో చెప్పించండి. దాంతోపాటు ఒక నెల రోజులు పారేసేదాన్ని బకెట్‌లో పోయించి, స్ప్రింగ్ త్రాసుకు తగిలించి తూకం వేసి రాయండి. పక్కనే ఆ రోజు కూర ఏమిటో రాయండి. ఏ రోజు బకెట్ బరువెక్కుతుందో తెలిసిపోతుంది. కూరలో పులుపు ఎక్కువైందా, అన్నం ముద్దయిందా, బెల్లు త్వరగా కొట్టేశారా, కారణం ఏదో ఒకటి దొరుకుతుంది. వంట చేసే అక్కల మీద నింద పడేలా మాత్రం మాట్లాడొద్దు, అంతమందికి వండి వార్చడం ఎంత కష్టమో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. వాళ్లతో కూర్చుని ఆ కాగితం చూపించండి చాలు.

అయినా మిగిలేది కొంత ఉంటుంది. మీ ఊళ్లో గేదెలున్న ఇళ్లు ఉంటే ఆ అన్నం, గంజి ముందు కుడితి తొట్టిలోకి పోవాలి. మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. గుడ్డు పెంకులు, ప్లాస్టిక్ కవర్లు అందులో పడకుండా చూడండి, పశువు కడుపులోకి కవరు పోతే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది కంపు సంగతి. కంపోస్టులో పనిచేసే సూక్ష్మజీవులకు గాలి ఆడాలి. ఉడికిన అన్నం, సాంబారు, మజ్జిగ కలిసి ముద్దగా పడితే లోపల గాలి ఉండదు. అప్పుడు గాలి అక్కర్లేని జీవులు చేరి కుళ్లబెడతాయి. ఆ కంపు వాటిది. మీరు గుంత తవ్వారు, అందులో ఎండాకులు వేయలేదని నా అనుమానం. తడి చెత్త ఒక బకెట్ వేస్తే ఎండాకులు రెండు మూడు బకెట్లు వేయాలి. ఉడికిన అన్నం చాలా కొద్దిగానే వేయండి, కూరగాయల తొక్కలు, టీ పొడి, నలిపిన గుడ్డు పెంకులు ఎక్కువగా వేయండి. నాలుగు రోజులకోసారి కలియబెట్టండి. గుప్పెడు తీసి పిండి చూడండి: నీళ్లు కారితే తడి ఎక్కువైంది, ఇంకా ఆకులు వేయాలి. పొడిపొడిగా రాలిపోతే కాసిన్ని నీళ్లు చిలకరించాలి. చేతికి కాస్త చెమ్మ అంటినట్టుంటే సరిగ్గా ఉంది. మీ వైపు వానాకాలంలో గుంతలో నీళ్లు నిలుస్తాయి కనుక నేలమీదే ఇటుకల మధ్య సందులు వదిలి నాలుగు వరుసలు పేర్చుకోండి, పైన రేకు ముక్క కప్పండి. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది, మట్టి వాసన తప్ప ఇంకేమీ రాదు.

ఎండాకులు ఎక్కడివి అంటారా? పొద్దున్నే బడి ఊడ్చి, బాదం ఆకులూ వేపాకులూ ఒక మూలకు చేర్చి అగ్గిపుల్ల గీసే అలవాటు చాలా బడుల్లో ఉంది, మీ బడిలో కూడా ఉండే ఉంటుంది. వాటిని కాల్చకుండా గోతాల్లో నింపి దాచమనండి. పొగా తప్పుతుంది, మీ కంపోస్టుకు కావలసిన సరుకూ దొరుకుతుంది.

మా బడి వెనక చిప్స్ ప్యాకెట్లు, చాక్లెట్ కాగితాలు, విరిగిన పెన్నులు అన్నీ కలిపి కాల్చేస్తారు. పొగ మా క్లాసులోకే వస్తుంది. ఎవరికి చెప్పాలి?
— ఆరో తరగతి విద్యార్థి, మహబూబ్‌నగర్ జిల్లా

ముందు మీ క్లాస్ టీచర్‌కు, తర్వాత అమ్మానాన్నలతో కలిసి హెచ్ఎం గారికి చెప్పు. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయల జరిమానా అని, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది, పెద్ద మొత్తంలో అయితే 25,000. ఈ సంగతి పెద్దవాళ్లు చెబితే బాగుంటుంది, నువ్వు చెప్పి తిట్లు తినాల్సిన పని లేదు.

అస్సాంలో గువాహటి దగ్గర పమోహి అనే ఊళ్లో అక్షర్ అని ఒక బడి ఉంది, 2016లో పెట్టారు. అక్కడ కూడా ఇదే బాధ. చలికాలంలో చుట్టుపక్కల వాళ్లు ప్లాస్టిక్ కాల్చుకుంటే ఆ పొగ తరగతి గదుల్లో నిండిపోయేది. వాళ్లేం చేశారంటే ఫీజుగా డబ్బుకు బదులు వారానికి 25 ప్లాస్టిక్ వస్తువులు తెమ్మన్నారు, ఇంట్లో కాల్చబోమని తల్లిదండ్రుల దగ్గర మాట తీసుకున్నారు. మీరు అంత చేయనక్కర్లేదు. క్లాసుకొక గోతం పెట్టి ప్లాస్టిక్ అంతా పొడిగా అందులో వేసి, పంచాయతీ లేదా మున్సిపాలిటీ బండి వచ్చినప్పుడు విడిగా ఇవ్వండి. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొర, లోహపు పొర అతుక్కుని ఉంటాయి, విడదీయడం కష్టం, పాత సామాన్లవాళ్లు కూడా తీసుకోరు. అది బడిలోకి రాకపోవడమే మంచిది. ఇంటర్వెల్‌కు పల్లీపట్టీ, జామకాయ, మొక్కజొన్న కంకి తెచ్చుకోండి.

మా పాప ఏడో తరగతి. "గ్లోబల్ వార్మింగ్ మోడల్" చేసుకురమ్మన్నారని రాత్రి తొమ్మిదింటికి థర్మోకోల్ షీట్లు, స్ప్రే పెయింట్, ప్లాస్టిక్ గడ్డి కోసం షాపులన్నీ తిరిగాను. ఎగ్జిబిషన్ అయిన మర్నాడే మోడళ్లన్నీ చెత్తకుండీలో ఉన్నాయి. టీచర్‌ను అడగాలంటే మొహమాటంగా ఉంది.
— ఒక తల్లి, విజయవాడ

మొహమాటపడకండి, తప్పకుండా అడగండి. మీలాంటి వాళ్లు ఈ నెలలోనే చాలామంది రాశారు, నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం ఇది. అలంకరణకు వాడే థర్మోకోల్ మీద దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలతో పాటే. దానితో భూమిని కాపాడే మోడల్ చేయమని పిల్లలకు చెప్పడం ఏం చదువు! అది నూరేళ్లకైనా మట్టిలో కలవదు, పొడిపొడిగా రాలి కాలువల్లోకి పోతుంది.

టీచర్‌తో ఇలా అనండి: "మేడమ్, ఈసారి మోడల్ బదులు మా పాప మా ఇంట్లోనే వారం రోజులు ఏదైనా కొలిచి చార్టు వేసుకురావచ్చా?" ఇంట్లో కారే కుళాయి కింద గ్లాసు పెట్టి చూడమనండి. సెకనుకొక చుక్క చొప్పున పడితే రోజుకు దాదాపు 20 లీటర్లు పోతాయి, మీ ఇంటి బిందె ఒకటి నిండినట్టే. ఎన్ని చుక్కలకు గ్లాసు నిండిందో లెక్కపెట్టడం, దాన్ని రోజుకు, నెలకు పెంచి చూడడం ఏడో తరగతి పిల్లకు అచ్చంగా సరిపోయే పని, ఆ అంకెలు తనే కనుక్కుంది కాబట్టి మర్చిపోదు కూడా. మోడలే తప్పనిసరి అంటే అట్టపెట్టెలు, మట్టి, కొబ్బరిపీచు, పాత పేపర్ల గుజ్జు వాడొచ్చు. వినాయకచవితికి బడుల్లో మట్టి బొమ్మలు చేయించడం ఇప్పుడు మామూలైపోయింది కదా, ఆ చేతులకే ఈ పని కూడా వస్తుంది.

బాల్ పెన్నులు మానేసి ఇంకు పెన్నులు వాడితే తేడా ఉంటుందా?
— ఏడో తరగతి విద్యార్థిని, రాజమహేంద్రవరం

ఉంటుంది. ఒక నెల మీ క్లాసులో అయిపోయిన పెన్నులన్నీ ఒక డబ్బాలో వేయించి లెక్కపెట్టు, నీకే తెలుస్తుంది. పైగా మీది రత్నం పెన్నుల ఊరు. 1930ల్లో అక్కడ తయారైన పెన్నును గాంధీగారు స్వదేశీ వస్తువని మెచ్చుకున్నారు. ఖరీదైనది కొనమని అనడం లేదు, మామూలు ఇంకు పెన్ను చాలు. మరకలవుతాయని మీ టీచర్ ఒప్పుకోకపోతే రీఫిల్ మార్చుకునే పెన్ను కొనుక్కో, బాడీ పారేయకు.

మా స్కూల్లో లంచ్ టైములో, గేమ్స్ పీరియడ్‌లో కూడా ఖాళీ గదుల్లో ఫ్యాన్లు, లైట్లు తిరుగుతూనే ఉంటాయి. "సేవ్ ఎలక్ట్రిసిటీ" అని పోస్టర్లు అంటించాం, ఎవరూ పట్టించుకోవడం లేదు. కరెస్పాండెంట్ గారికి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.
— పదో తరగతి విద్యార్థి, హైదరాబాద్

పోస్టరు మొదటి రోజు కనబడుతుంది, మూడో రోజు నుంచి గోడలో కలిసిపోతుంది. కరెస్పాండెంట్ గారికి డబ్బుల లెక్క తీసుకెళ్లు. ఇదిగో ఇలా వేయి: ఒక గదిలో నాలుగు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, మొత్తం 300. నాలుగు పాత ట్యూబులైట్లు, ఒక్కోటి 40, మొత్తం 160. అంటే గదికి 460 వాట్లు. లంచ్, గేమ్స్, ప్రేయర్ కలిపి రోజుకు రెండు గంటలు ఖాళీగా తిరిగితే దాదాపు 0.9 యూనిట్. మీ స్కూల్లో 20 గదులుంటే రోజుకు 18 యూనిట్లు, 220 పనిదినాలకు సుమారు 4,000 యూనిట్లు. దీన్ని స్కూలు బిల్లు మీదున్న యూనిట్ రేటుతో గుణించు. ఆ అంకె చూశాక ఎవరైనా ఆగి వింటారు. గదులు, ఫ్యాన్లు మాత్రం మీవి మీరే లెక్కపెట్టాలి, నావి ఉదాహరణకే.

ఇంకో మంచి పని చెబుతాను. శనివారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక మీటర్ రీడింగ్ రాసుకోండి, సోమవారం పొద్దున బెల్లుకు ముందు మళ్లీ రాసుకోండి. బడిలో ఎవరూ లేని ఆ సమయంలో మీటరు ఎంత తిరిగిందో చూస్తే కొన్నిసార్లు నోట మాట రాదు. సీసీ కెమెరాలకు కొంత అవుతుంది, సరే. మిగిలింది ఎక్కడ పోతోంది? ఖాళీ బడిలో నీళ్లు చల్లబరుస్తూ కూర్చున్న వాటర్ కూలరా, కంప్యూటర్ ల్యాబ్‌లో ఆపని యూపీఎస్‌లా, ట్యాంకు నిండి పొర్లుతున్నా ఆపని మోటారా? ఒక్కో వారం ఒక్కోటి ఆపించి చూస్తే దొంగ దొరుకుతాడు. మీటరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఎలక్ట్రీషియన్‌నో టీచర్‌నో వెంట తీసుకెళ్లండి, ఏ వైరూ ముట్టుకోవద్దు.

పాడైన ఫ్యాన్లు మార్చేటప్పుడు తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ రకం పెట్టమని అడగండి, అవి 30 వాట్ల దగ్గర నడుస్తాయి. ఒకేసారి అన్నీ మార్చమంటే ఎవరూ ఒప్పుకోరు. పాడైనవి పాడైనట్టు మార్చమంటే ఒప్పుకుంటారు.

ఇది అడగొచ్చో లేదో తెలియదు మేడమ్. మా హాస్టల్లో ప్యాడ్స్ వేయడానికి బుట్టలు లేవు. అందరూ టాయిలెట్లలో వేసేస్తే జామ్ అయిపోయి మమ్మల్నే తిడుతున్నారు. మేం ఎకో క్లబ్‌లో ఉన్నాం, దీని గురించి ఏమైనా చేయొచ్చా?
— గురుకుల విద్యార్థిని

నిక్షేపంగా అడగొచ్చమ్మా, ఇది నూటికి నూరుపాళ్లు పర్యావరణం ప్రశ్నే. ప్యాడ్‌లో నీటిని పీల్చి జెల్లీలా ఉబ్బే పదార్థం ఉంటుంది, కింద ప్లాస్టిక్ పొర ఉంటుంది, పైపులో పడితే ఉబ్బి ఇరుక్కుపోతుంది. తిట్లు పరిష్కారం కాదు. ప్రతి టాయిలెట్‌లో మూత ఉన్న బుట్ట, గోడకు వేలాడదీసిన పాత పేపర్ ముక్కల సంచి, రోజూ ఖాళీ చేసే ఏర్పాటు, ఈ మూడూ కావాలి. ఘనవ్యర్థాల నిబంధనలు కూడా ప్యాడ్‌ను చుట్టి వేయాలనే చెబుతాయి. వార్డెన్ మేడమ్‌కు పదిమంది కలిసి కాగితం మీద రాసి ఇవ్వండి: ఎన్ని టాయిలెట్లు, ఎన్ని బుట్టలు కావాలి, ఈ నెలలో ఎన్నిసార్లు జామ్ అయింది. పెరట్లో పోగేసి కాల్చడానికి మాత్రం ఒప్పుకోవద్దు, ఆ పొగ మీకే హాని.

బట్ట ప్యాడ్లు వాడితే చెత్త తగ్గే మాట నిజమే, కానీ వాటిని ఉతకడానికి సరిపడా నీళ్లు, ఎండలో ఆరేయడానికి మరుగైన చోటు ఉండాలి. హాస్టల్లో అవి లేనప్పుడు పర్యావరణం పేరు చెప్పి ఏ అమ్మాయినీ బలవంతపెట్టకండి. ఎవరికి ఏది సౌకర్యమో వాళ్లిష్టం.

ఎకో క్లబ్ మా బడిలో కాగితం మీదే ఉంది. అసలు దానికి నిధులేమైనా వస్తాయా?
— ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

కేంద్ర పర్యావరణ శాఖ పెట్టిన జాతీయ హరిత దళం అనే కార్యక్రమం 2001-02లో మొదలైంది, బడుల్లో ఎకో క్లబ్బులు దాని కిందే వచ్చాయి. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకంలో ప్రభుత్వ బడుల్లోని యూత్, ఎకో క్లబ్బులకు నిధి ఉంటుంది. ఈ ఏడు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని బడి యాజమాన్య కమిటీ సమావేశంలో మీ నాన్నగారి చేతనో అమ్మగారి చేతనో మర్యాదగా అడిగించండి. తల్లిదండ్రులు ఆ కమిటీలో ఉండేది అడగడానికే.

మా పాఠశాల డాబా పెద్దది. వాన నీళ్లన్నీ గేటు బయటికి పోయి రోడ్డు మీద పారుతున్నాయి, ఫిబ్రవరి వచ్చేసరికి బోరు ఎండిపోతుంది. పిల్లలతో కలిసి ఇంకుడు గుంత చేయాలనుంది. పెద్దలను ఒప్పించడం ఎలా?
— ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

మాస్టారూ, మీ జిల్లాలో ఈ ప్రశ్న అడగడమే నాకు సంతోషంగా ఉంది. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే చోటు మీది, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అయినా లెక్క వేస్తే వచ్చే నీళ్లు తక్కువేం కావు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ డాబా 300 చదరపు మీటర్లు ఉంటే ఏడాదికి లక్షా 65 వేల లీటర్లు, ఆవిరీ తడీ పోగా ఎనభై శాతం పట్టుకున్నా లక్షా 30 వేల లీటర్లు దాటుతుంది. ఈ లెక్క మీరు చెప్పకుండా పిల్లల చేతే చేయించండి. టేపు పట్టుకుని డాబా పొడవు వెడల్పులు కొలిచి (పిట్టగోడ లేకపోతే పైకి ఎక్కించకండి, కింద గోడల వెంబడే కొలవొచ్చు), ఒక నిలువు గోడల డబ్బా ఆరుబయట పెట్టి, వాన పడిన ప్రతిసారీ స్కేలుతో ఎన్ని మిల్లీమీటర్లు నిండిందో రాయించండి. రెండు నెలల వానల చార్టు, పక్కనే ఫిబ్రవరిలో ట్యాంకర్‌కు పెట్టిన ఖర్చు రాసి కమిటీ ముందు పిల్లల చేతే చదివించండి.

తొలివాన నీళ్లలో డాబా మీది దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి, వాటిని పక్కకు వదిలేసే వాల్వు పెట్టించండి. బోరు పక్కన తీసే గుంతలో అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ఇసుక వేయించి, ఏటా మే నెలలో ఆ ఇసుక పొర తీసి కడిగించే పని ఒక తరగతికి అప్పగించండి. లేకపోతే మూడో ఏటికి పూడుకుపోతుంది. గుంత తవ్వకం, రాళ్లు మోయడం కూలీల పని, పిల్లలతో చేయించొద్దు. ఉపాధి హామీలో చేయించే వీలుందేమో పంచాయతీలో ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండి. పైపులు, రింగులు, కంకర, కూలీ ఖర్చుల అంచనా మాత్రం తొమ్మిదో తరగతికి ఇవ్వండి. ఊళ్లోని హార్డ్‌వేర్ షాపులో రేట్లు కనుక్కుని రావడం దగ్గర నుంచీ వాళ్లే చూసుకుంటారు.